హిరోషిమాలో ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్‌గా ఏడాది: స్నేహాలు, స్కూలు విజిట్ల గురించి నా సమీక్ష

జపాన్ ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాముల గురించి తెలుగులో వెతికితే వీసా, స్కాలర్‌షిప్, సీటు వరకు బోలెడు సమాచారం దొరుకుతుంది. అక్కడ దిగాక రోజులు ఎలా గడుస్తాయి, మనుషులు ఎలా దగ్గరవుతారు అన్నది మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. నేను అక్టోబరులో వెళ్లి మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా హిరోషిమా ప్రాంతంలో ఉన్నాను. చదువు సంగతి పక్కన పెట్టి రెండు విషయాలే చెప్తాను, ఒకటి రోజువారీ పరిచయాలు, రెండోది అక్కడి స్కూళ్లకు వెళ్లడం. నా తీర్పు ముందే చెప్పేస్తా: స్కూలు విజిట్లు లేకపోయుంటే ఆ ఏడాదిలో సగం విలువ పోయేది. కాకపోతే వాటికి కూడా ఒక పద్ధతిలో వెళ్తేనే ఫలితం ఉంటుంది.

మొదటి రెండు మూడు వారాలు కాగితాల పనికే సరిపోతాయి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించాలి, అక్కడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి, ఆ తర్వాత బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, సైకిల్ కొంటే దానికీ రిజిస్ట్రేషన్. చాలా యూనివర్సిటీలు కొత్తగా వచ్చినవాళ్లకు ఒక లోకల్ స్టూడెంట్‌ని ట్యూటర్‌గా ఇస్తాయి. నాకు వచ్చిన అమ్మాయి ప్రతి ఆఫీసుకూ వెంట వచ్చింది, ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ ఇచ్చింది. ఆ ఓపికకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అయితే పనులు అయిపోయాక మా మధ్య మెసేజీలు కూడా తగ్గిపోయాయి. తనకు క్లాసులు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఇంటి నుంచి గంట ప్రయాణం. ట్యూటర్ అంటే రెడీమేడ్ ఫ్రెండ్ అనుకుని వెళ్లేవాళ్లు ఇక్కడే డీలా పడతారు.

క్లాసులో పక్కన కూర్చునేవాళ్లతోనూ ఇంతే. అందరూ మర్యాదగా మాట్లాడతారు, లైన్ యాప్‌లో యాడ్ చేసుకుంటారు, ఒకరోజు కలుద్దాం అంటారు. "ఈ సాయంత్రం ఖాళీనా" అని అడిగితే మాత్రం ఇబ్బంది పడతారు, ఎందుకంటే వాళ్ల డైరీ రెండు వారాల ముందే నిండిపోయి ఉంటుంది. మన దగ్గర గది తలుపు తట్టి "టీకి వస్తావా" అనే అలవాటు అక్కడ పనిచేయదు. దీన్ని చాలామంది మన పట్ల దూరం అనుకుంటారు, వాళ్లలో వాళ్లు కూడా అలాగే ఉంటారని అర్థమవడానికి కొంత టైమ్ పడుతుంది. ఈలోపు డార్మిటరీలో మిగతా విదేశీ విద్యార్థులు ఎప్పుడూ అందుబాటులో ఉంటారు, మన ఇండియన్ గ్రూప్ వంటగదిలో ఉండనే ఉంటుంది, ఏడాదంతా అక్కడే గడిచిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఆ స్నేహాలు తక్కువేం కాదు, జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చింది వాళ్లే. కానీ దానికోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు కదా.

నాకు దారి దొరికింది బ్యాడ్మింటన్ సర్కిల్‌లో. సర్కిల్ అంటే అక్కడి కాలేజీ స్టూడెంట్లు తమంతట తాము నడుపుకునే క్లబ్బు. వారానికి రెండు సాయంత్రాలు, అదే జిమ్, అదే టైమ్. నెట్ కట్టేపని, ఆట అయ్యాక నేల తుడిచేపని వంతులవారీగా అందరికీ వస్తాయి. మొదట్లో నాతో మాటలు తక్కువే, కానీ ఒక రెండు నెలలు మానకుండా వెళ్లేసరికి రాని రోజు "ఏమైంది" అని మెసేజ్ రావడం మొదలైంది. అక్కడ స్నేహం ఒకే చోటికి, ఒకే వేళకి, చేతిలో ఏదో ఒక పనితో మళ్లీమళ్లీ వచ్చేవాళ్ల మధ్య పుడుతుంది అని నాకు అర్థమైంది అప్పుడే. పేరులో ఇంటర్నేషనల్ అని ఉన్న క్లబ్బులకు కూడా వెళ్లాను, అక్కడికొచ్చే లోకల్ స్టూడెంట్లలో చాలామంది ఇంగ్లీషు ప్రాక్టీస్ కోసం వస్తారు, మాటలు బాగానే సాగుతాయి, కానీ ప్రతి వారం కొత్త ముఖాలు, ప్రతి వారం అదే పరిచయం.

సర్కిల్ పార్టీల గురించి ఒక మాట. మనిషికి మూడు నాలుగు వేల యెన్లు అవుతుంది, మీరు తాగినా తాగకపోయినా, మాంసం తిన్నా తినకపోయినా బిల్లు అందరికీ సమానంగా పంచుతారు. 20 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం చట్టప్రకారం కుదరదు, అందుకని టేబుల్ మీద ఊలాంగ్ టీ గ్లాసులు కూడా ఎప్పుడూ ఉంటాయి, తాగమని నన్నెవరూ బలవంతం చేయలేదు. నేను శాకాహారిని కాబట్టి నాకు మిగిలేది ఉడికించిన సోయా కాయలు, బంగాళాదుంప వేపుడు. నెలకొకసారి దానికి ఒప్పుకుని వెళ్లాను, వెళ్లడం వల్ల లాభమే జరిగింది, పగలు నోరు విప్పనివాళ్లు అక్కడ విప్పుతారు.

రెండు చోట్ల ఒంటరితనం గట్టిగా కొడుతుంది, ముందే తెలిస్తే మంచిది. ఒకటి కొత్త సంవత్సరం. క్యాంపస్ మొత్తం ఖాళీ అవుతుంది, అందరూ సొంతూళ్లకు వెళ్లిపోతారు, క్యాంటీన్ మూసేస్తారు, చలి ఒకటి. నేను వెళ్లే ఉచిత జపనీస్ క్లాసులో పాఠం చెప్పే పెద్దావిడ (ఆ క్లాసులు నడిపేది ఎక్కువగా రిటైరైన వాలంటీర్లే) ఇంటికి పిలిచి మోచీ (దంచిన బియ్యపు ముద్ద), సూప్ పెట్టింది, ఆ సూప్‌లో చేపల రసం వేయకుండా నా కోసం సముద్రపు నాచుతో విడిగా కాచింది. రెండోది మార్చి. కంపెనీల ఉద్యోగ సమావేశాలు మార్చి 1 నుంచి మొదలవుతాయి, అప్పటిదాకా వారం వారం కలిసిన థర్డ్ ఇయర్ వాళ్లంతా నల్ల సూట్లేసుకుని ఇంటర్వ్యూల వేటలో పడతారు. అక్టోబరులో వెళ్లినవాళ్లకు ఇది మరీ దెబ్బ, స్నేహం కుదురుకునే టైమ్‌కే వాళ్లు కనపడకుండా పోతారు.

ఇక స్కూళ్ల సంగతి. ఇంటర్నేషనల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద "ఎలిమెంటరీ స్కూలుకు వచ్చి మీ దేశం గురించి చెప్పేవాళ్లు కావాలి" అని తరచూ కాగితం కనిపిస్తుంది. కారణం ఉంది. 2020 నుంచి అక్కడ ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు పూర్తి సబ్జెక్టు అయింది, మూడు, నాలుగు తరగతుల్లో కూడా ఆటపాటలతో నేర్పుతున్నారు, పిల్లలు ఆ ఇంగ్లీషును ఎవరో ఒక నిజమైన మనిషితో వాడాలని టీచర్ల కోరిక. ఒప్పుకున్నాక వారం ముందు టీచర్ దగ్గర్నుంచి ఒక కాగితం వస్తుంది, అందులో ఏ నిమిషానికి ఏం జరుగుతుందో రాసి ఉంటుంది. ఎలిమెంటరీలో పీరియడ్ 45 నిమిషాలు, జూనియర్ హైస్కూల్లో 50. దాన్ని దాటకండి, గంట కొట్టాక కూడా మాట్లాడుతూ ఉంటే తర్వాతి పీరియడ్ టీచర్ తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఇంకో ముఖ్య విషయం, గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలి చెప్పులు వేసుకోవాలి, విజిటర్ల కోసం పెట్టే చెప్పులు పెద్ద పాదాలకు పట్టవు, మీవి ఒక జత సంచిలో పెట్టుకెళ్లండి.

స్లైడ్లలో తాజ్‌మహల్, జాతీయ పక్షి, జాతీయ జంతువు చూపిస్తే పిల్లలు బుద్ధిగా వింటారు, అంతకంటే ఏమీ జరగదు. వాళ్లకు లేచి నిలబడే ఉత్సాహం వచ్చేది లెక్కల దగ్గర. ఇండియాలో పిల్లలు 19 పంతొమ్మిదుల దాకా ఎక్కాలు బట్టీ పడతారని జపాన్‌లో బాగా ప్రచారం ఉంది, వాళ్లు రెండో తరగతిలో 9 తొమ్మిదుల దాకా నేర్చుకుంటారు. కాబట్టి ఇండియా అనగానే ఎవడో ఒకడు "17 పద్దెనిమిదులు ఎంత" అని అడిగే తీరతాడు. ఎక్కాలు ఒకసారి నెమరు వేసుకుని వెళ్లండి, జవాబు చెప్పగానే క్లాసంతా ఒకటే కేక. రెండోది, పిల్లల పేర్లు తెలుగు లిపిలో రాసివ్వడం. పీరియడ్ అయ్యాక నా చుట్టూ క్యూ కట్టేవాళ్లు, వాళ్ల అక్షరాలూ మన గుణింతంలాగే పలుకు పలుకుగా సాగుతాయి కాబట్టి రాయడం చాలా తేలిక, ఆ చీటీని అట్టపెట్టెలో దాచుకున్నామని తర్వాత వచ్చినప్పుడు చెప్పిన పిల్లలున్నారు.

ఇంగ్లీషు విషయంలో నేను చెప్పిన మాటల్లో బాగా పనిచేసింది ఒకటుంది. పిల్లల దృష్టిలో ఇంగ్లీషు మాట్లాడే విదేశీయులందరికీ అది పుట్టుకతో వచ్చినట్టే. "మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడరు, నేను కూడా మీలాగే స్కూల్లో నేర్చుకున్నాను, నాకూ మొదట్లో భయమేసేది" అని చెప్పాక వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లు కూడా చేతులెత్తారు. ఈ విషయంలో అమెరికా నుంచి వచ్చినవాళ్లకంటే మనమే ఎక్కువ ఉపయోగపడతామని నా గట్టి నమ్మకం.

జూనియర్ హైస్కూలు వేరే లోకం. 13, 14 ఏళ్ల పిల్లలు నలుగురి ముందు తప్పు మాట్లాడటానికి ఇష్టపడరు, నలభై మంది ముందు నిలబడి "ప్రశ్నలేమైనా ఉన్నాయా" అంటే నిశ్శబ్దమే. టీచర్‌ను ముందే అడిగి ఐదారుగురి గుంపులుగా చేయించండి, మీరు గుంపు గుంపుకీ తిరగండి, అదే పిల్లలు పాటలు, ఆటలు, ఫోన్ గేముల గురించి గలగలా మాట్లాడతారు.

నా వరకు అసలు విజిట్ మొదలయ్యేది మధ్యాహ్న భోజనం గంటతో. పిల్లలే తెల్ల ఏప్రన్లు, టోపీలు పెట్టుకుని వంటశాల నుంచి గిన్నెలు మోసుకొచ్చి వడ్డిస్తారు, టీచర్ కూడా అదే గదిలో అదే అన్నం తింటారు, అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముట్టరు. మిగిలిన ముక్క ఎవరికి అన్నది రాయి-కాగితం-కత్తెర ఆటతో తేల్చుకుంటారు. శాకాహారులైతే కనీసం వారం ముందు చెప్పండి, సూపుల్లో, కూరల్లో చేపల రసం కంటికి కనపడకుండా ఉంటుంది, నేను ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లేవాణ్ణి, ముందుగా చెప్పినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. తిన్నాక పావుగంట సేపు స్కూలంతా శుభ్రం చేస్తారు. తడిగుడ్డ పట్టుకుని వరండా తుడుస్తూ పక్కన ఉన్న పిల్లాడితో మాట్లాడితే స్లైడ్ల ముందు రాని ప్రశ్నలన్నీ వస్తాయి. "మీ ఊళ్లో మీ అమ్మకు నువ్వు గుర్తొస్తావా" అని ఒక మూడో తరగతి పాప అడిగింది. గెస్టుల్ని చాలా స్కూళ్లు భోజనానికి ముందే పంపించేస్తాయి, ఉండొచ్చా అని మీరే అడగండి.

ఇందాక పద్ధతి అన్నాను కదా. ప్రతిసారీ కొత్త స్కూలుకు వెళ్తే ప్రతిసారీ మీరు ఇండియా నుంచి వచ్చిన అతిథి, అదే తాజ్‌మహల్, అవే చప్పట్లు. నేను ఒక స్కూలు టీచర్‌ను మళ్లీ అదే క్లాసుకు రావచ్చా అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి సరే అన్నారు. రెండోసారికి నా పేరు తెలుసు, మూడోసారికి నా స్లైడ్లు ఎవరికీ అక్కర్లేదు, ఆ తర్వాత వాళ్లే పాఠం చెప్పడం మొదలెట్టారు. నాలుగైదు స్కూళ్లు ఒక్కోసారి చూసేకంటే ఒకే క్లాసుకు పదే పదే వెళ్లడం ఎంతో మేలు.

ఆ పరిచయం వల్లే అదే స్కూలు ఆరో తరగతివాళ్లు నన్ను శాంతి పార్కుకు తీసుకెళ్లారు, ఈసారి గైడ్లు వాళ్లు. హిరోషిమాలో పిల్లలు 1945 ఆగస్టు 6 గురించి చిన్న తరగతుల నుంచే చదువుతారు. పిల్లల శాంతి స్మారకం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు కార్డులు పట్టుకుని ఇంగ్లీషులో సదాకో ససాకి గురించి చెప్పారు. బాంబు పడినప్పుడు రెండేళ్ల పాప, పదేళ్ల తర్వాత ల్యుకేమియా (రక్త క్యాన్సర్), 1955లో 12 ఏళ్లకే పోయింది, ఆమె తోటి పిల్లలు చందాల కోసం పూనుకుంటే దేశమంతటి స్కూళ్లు చేయి కలిపి 1958లో ఆ స్మారకం లేచింది. చుట్టూ అద్దాల గదుల్లో కాగితపు కొంగల దండలు, ఏటా దాదాపు కోటి కొంగలు వస్తాయట. నేను మ్యూజియం విడిగా రెండుసార్లు చూశాను, అక్కడ చదివినదానికంటే ఆ పిల్లలు వణుకుతున్న గొంతుతో "ఇది కట్టించింది పిల్లలే" అని చెప్పడం నా మనసులో లోతుగా దిగింది. కొంగ మడవడం నాకు ఒకడు ఓపిగ్గా నేర్పాడు, తోక దగ్గర మడత తిరగబడితే విప్పి మళ్లీ మొదలెట్టించాడు.

డబ్బు సంగతి: కొన్ని చోట్ల ప్రయాణ ఖర్చులు ఇస్తారు, కొన్ని చోట్ల చిన్న పారితోషికం కూడా ఉంటుంది, చాలా చోట్ల పిల్లల ఉత్తరాలే. స్టూడెంట్ వీసా మీద సంపాదనకు అనుమతి విడిగా తీసుకోవాలి, మొదటిసారి దిగేటప్పుడు ఎయిర్‌పోర్టులోనే దరఖాస్తు చేసుకోవచ్చు, వారానికి 28 గంటల పరిమితి. పారితోషికం తీసుకునే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. భాష విషయంలో, ఎలిమెంటరీ స్కూలుకు వెళ్లాలంటే సులువైన జపనీస్ నాలుగు వాక్యాలైనా రావాలి, జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 (కింది నుంచి రెండో మెట్టు) స్థాయి ఉంటే హాయి, అంత లేకపోయినా టీచర్లు సాయం చేస్తారు.

మాటలు తక్కువైనా ఒక చోట నిలకడగా ఉండగలిగేవాళ్లకు, పిల్లలంటే ఇష్టమున్నవాళ్లకు ఈ ఏడాది బాగా నప్పుతుంది. వెళ్లిన నెలలోనే గ్యాంగ్ తయారవ్వాలి అనుకునేవాళ్లకు మొదటి మూడు నెలలు చాలా కష్టంగా ఉంటాయి. అక్టోబరు, ఏప్రిల్ రెండిట్లో ఎంచుకునే వీలుంటే నేనైతే ఏప్రిల్ అంటాను. అక్కడ కాలేజీలకూ స్కూళ్లకూ కొత్త సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, సర్కిళ్లన్నీ అప్పుడే కొత్తవాళ్లను చేర్చుకుంటాయి, మీతోపాటు వాళ్లూ కొత్తే, స్కూల్లో అదే క్లాసును మార్చి దాకా చూడొచ్చు. ఏప్రిల్ బ్యాచ్ దరఖాస్తులు అంతకుముందు ఏడాదే ముగిసిపోతాయి కాబట్టి మీ కాలేజీలో తేదీలు ఇప్పుడే కనుక్కోండి.