డ్రమ్ సెట్టుతో సీమ చుట్టొచ్చాం: ఏ ఊళ్లో ఏది బాగుంది, ఏది బాలేదు

మాది నలుగురి పాప్ పంక్ బ్యాండు. అందరం సీమవాళ్లమే, ఉద్యోగాల కోసం ఒకడు బెంగళూరులో, మిగతావాళ్లం హైదరాబాదులో. నేను బేస్ గిటార్ వాయిస్తా. బండి మాట్లాడటం, రూములు చూడటం, సౌండ్ వాళ్లతో బేరాలు కూడా నా నెత్తిమీదే. ఈసారి సిటీ పబ్బులు పక్కన పెట్టి కర్నూలు, అనంతపురం, కడప వరసగా వాయించి వచ్చాం. ఎక్కడ దిగారు, సౌండ్ ఎట్లా ఉంది, గిట్టుబాటు అయిందా అని తెలిసిన బ్యాండు వాళ్లు అదే పనిగా అడుగుతున్నారు, అందరికీ ఒకటే జవాబు రాసేస్తే పోతుందని రాస్తున్నా. అసలు మాట ముందే చెప్పేస్తా: చేతిలో డబ్బు తక్కువుంటే రూము దగ్గర తగ్గించుకోండి, సౌండు దగ్గర మాత్రం తగ్గించొద్దు.

పాప్ పంక్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పంక్ రాక్ వేగం, దాని మీద ఒకసారి వింటే నోటికొచ్చేసే ట్యూను, రెండు మూడు నిమిషాల్లో పాట ఖతం. ఈ దారి వేసిన రామోన్స్ వాళ్లు 1974లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి 1996లో ఆపేసేలోపు 2,263 షోలు వాయించారు. గ్రీన్ డే వాళ్లయితే మొదట్లో పాత మొబైల్ లైబ్రరీ బండిని మార్చుకుని, డ్రమ్మర్ వాళ్ల నాన్న డ్రైవింగ్ చేస్తుంటే ఊళ్లు తిరిగారు. 1994లో వచ్చిన ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు దాటింది గానీ అంతకుముందు ఏళ్లన్నీ ఆ బండి బతుకే. ఈ సంగీతానికి రేడియో కన్నా రోడ్డే ఎక్కువ అన్నం పెట్టింది. రోడ్డు మీద బతకాలంటే ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు గంటల దూరం ఉండాలి, అప్పుడే మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రానికి స్టేజీ కట్టుకోవచ్చు. మన మూడు ఊళ్లూ సరిగ్గా అట్లానే ఉన్నాయి. కర్నూలు నుంచి డోన్, గుత్తి, పామిడి మీదుగా 44వ నంబరు హైవేలో అనంతపురం 140, 150 కిలోమీటర్లు. అక్కడి నుంచి తాడిపత్రి మీదుగా కడప ఇంచుమించు అంతే. తిరుగుదారిలో మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా మళ్లీ కర్నూలు. గీసినట్టు త్రికోణం.

బండి తుఫాన్ మాట్లాడుకున్నాం, అదే, జీపులాంటి పొడుగు బండి. టెంపో ట్రావెలర్ అయితే హాయిగా ఉండేది గానీ రేటు విని ఊరుకున్నాం. డ్రమ్ముల పెట్టెలు పైన క్యారియర్ మీద టార్పాలిన్ కప్పి కట్టాం, గిటార్లు లోపల మా ఒళ్లోనే. ఎండలో పైన వేస్తే గిటారు మెడ వంకర పోతుంది, అది కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి. డ్రైవర్ అన్న బంగారం. బత్తా ముందే మాట్లాడుకోండి, రాత్రి షో అయ్యాక మాట్లాడితే మొహాలు మాడతాయి.

కర్నూలులో స్టే మూడు ఊళ్లలోకీ బెస్టు. బస్టాండు వైపు ఒక మామూలు హోటల్, రెండు వేల లోపు రూము, లిఫ్టు ఉంది, కింద బండి పెట్టుకునే చోటు ఉంది, అన్నిటికన్నా ముఖ్యం 24 గంటల చెక్ అవుట్. బ్యాండు వాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పలేను. షో అయి, సామాను సర్ది, తిని పడుకునేసరికి రెండవుతుంది, మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయమంటే ఎట్లా? రూము అడిగేటప్పుడు ఏసీ ఉందా అని తర్వాత అడగండి, చెక్ అవుట్ ఎప్పుడని ముందు అడగండి.

షో ఒక కేఫ్ మేడమీద. సౌండ్ చిన్నదే, రెండు బాక్సులు, గిటార్లు ఆంప్ (గిటారు సౌండు పెంచే పెట్టె) లేకుండా నేరుగా సౌండ్ మిక్సర్‌లోకే, కానీ చోటు చిన్నది కాబట్టి సరిపోయింది. జనం విషయానికొస్తే, మర్యాదస్తులు. కుర్చీల్లో కూర్చుని, ఫోన్లు పైకెత్తి, పాట పాటకీ చప్పట్లు కొట్టి, ఒక్కరూ లేచి ఎగరలేదు. మా డ్రమ్మరు "ఇదేం త్యాగరాజ ఆరాధనా అన్నా" అని నా చెవిలో గొణిగాడు. పది కొట్టేసరికి ఆపేశాం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు మోగకూడదని కేంద్రం 2000లోనే రూల్సు పెట్టింది, కేఫ్ ఓనరు పది నిమిషాల ముందు నుంచే గడియారం చూపిస్తున్నాడు. ఆయన తప్పేం లేదు.

పొద్దున కొండారెడ్డి బురుజు చుట్టూ ఒక రౌండు వేసి ఉగ్గాని బజ్జీ తిన్నాం. బెంగళూరు నుంచి వచ్చిన మా గిటారిస్టు ఏడాదిగా దీని గురించే కలవరిస్తున్నాడు. బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ. బండి దగ్గర నిలబడి తినండి, హోటల్లో ఆర్డర్ చేస్తే బొరుగులు ముద్దయి వస్తాయి.

అనంతపురం దారి మంచి హైవే, గుత్తి కోట రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది, ఎక్కే టైము లేక కింద టీ తాగి వెళ్లిపోయాం.

ఇక అనంతపురం. ఈ ఊళ్లో స్టే దరిద్రం, జనం అద్భుతం. పెళ్లి ముహూర్తాల వల్ల మంచి హోటళ్లన్నీ నిండిపోయి ఒక లాడ్జిలో దిగాల్సి వచ్చింది, పేరు చెప్పను. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. అందరి ఆధార్ జిరాక్సులు తీసుకున్నాక కౌంటరు దగ్గరున్నాయన మా సింగర్ వైపు చూస్తూ నన్ను అడిగాడు, "ఆ పాప ఏమవుతుంది సార్ మీకు?" నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పింది, "నేను పాడేదాన్ని అన్నా, వీళ్లు నా వెనక వాయించేవాళ్లు." ఆయనకి అర్థమైందో లేదో గానీ తాళాలు ఇచ్చాడు, ఆమెకి వేరే రూము, వేరే అంతస్తు. అమ్మాయిలున్న బ్యాండులు ముందే ఫోన్ చేసి విడివిడి రూములని చెప్పి, పేర్లు రాయించుకోండి. ఈ ప్రశ్న పాడే ప్రతి ఊళ్లో వింటూ ఆమెకి విసుగొచ్చేసింది, మాకు కూడా.

షో ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టులో, బయట గ్రౌండులో. సౌండ్ కాలేజీ వాళ్లే పెట్టారు, అంటే డీజే బాక్సులు. గుండె అదిరే బేస్ వస్తుంది గానీ గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి. సౌండ్ కుర్రాడికి ఆర్కెస్ట్రాల అలవాటు. మా సామాను చూసి "ప్యాడ్ ఏదన్నా, కీబోర్డు ఏది?" అన్నాడు. రెండూ లేవు, డ్రమ్ములే అంటే, మొదటి పాట చెక్ చేస్తుండగా వచ్చి "ఏమప్పా, ఇంత స్పీడుగా కొడితే పిల్లోళ్లు పాడేదెప్పుడు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ రెండో పాటకే పిల్లలు స్టేజీ ముందుకొచ్చేశారు. తెలుగులో మేం రాసుకున్న హాస్టల్ మెస్సు పాటకి కోరస్ మూడోసారి వచ్చేసరికి వాళ్లే పాడుతున్నారు, మా సింగరు మైకు అటు తిప్పి నీళ్లు తాగింది. హైదరాబాదు పబ్బుల్లో మాకు ఇది ఎన్నడూ జరగలేదు, అక్కడ జనం మాట్లాడుకోవడానికి వస్తారు, మేం అడ్డం.

కష్టం ఎక్కడొచ్చిందంటే కరెంటు దగ్గర. మా గిటారిస్టు కోరస్ కూడా పాడతాడు, చేయి తీగల మీద ఉండి పెదవి మైకుకి తగిలితే చాలు షాక్. చిన్న షాకే, కానీ పాట మధ్యలో తగిలితే మాట మింగేస్తాం. గిటార్ ఆంప్ ఒక లైన్లో, మిక్సర్ ఇంకో లైన్లో ఉండి ఎర్తు సరిగ్గా లేకపోతే ఇట్లా అవుతుంది, గిటారు తీగలు ఆంప్ ఎర్తుకి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ఎర్తుకి, మధ్యలో మనిషి వైరు. కుర్రాడికి చెబితే "తగలకుండా పాడన్నా" అన్నాడు. మైకుకి కర్చీఫు చుట్టి లాగించేశాం. సింగరు గొంతు మాకు మానిటర్‌లో, అంటే వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే బాక్సులో, ఒక్క ముక్క వినపడలేదు.

మర్నాడు తాడిపత్రి నుంచి కాస్త పక్కకి వెళ్లి బెలూం గుహలు చూశాం. 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనం తిరగొచ్చు. లోపల ఉక్క, షో మర్నాడు వెళ్తే కాళ్లు లాగుతాయి. కానీ సంగీతం వాళ్లు చూడాల్సింది ఒకటుంది, సప్తస్వరాల గుహ. అక్కడి రాళ్ల మీద వేలితో కొడితే లోహం మీద కొట్టినట్టు మోగుతాయి. మా డ్రమ్మరు అక్కడి నుంచి కదిలితే ఒట్టు. గైడు కేకేస్తే తప్ప రాలేదు. గండికోట కూడా ఈ వైపే, పెన్నా లోయ పక్కన టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, షోలు లేని రోజు పెట్టుకుని వెళ్లండి. షో ఉన్న రోజు దారి తిప్పుకుని వెళ్తే సౌండ్ చెక్కు పోతుంది.

కడపలో స్టేజీ చూసి నీరసం వచ్చింది. ఫంక్షన్ హాలు పక్క ఖాళీ స్థలం, బల్లలు కలిపి కట్టిన ప్లాట్‌ఫారం, బేస్ డ్రమ్ము పెడల్ తొక్కితే బల్ల ఊగుతోంది. కానీ సౌండ్ పెద్దాయన మాత్రం మూడు ఊళ్లలోనూ నంబర్ వన్. అరవై దాటిన మనిషి, పద్యనాటకాలకీ మీటింగులకీ మైకులు కట్టి పండిపోయినవాడు. పాప్ పంక్ అంటే ఏంటో ఆయనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వచ్చీ రాగానే "పాడేదెవరు, ఎంతమంది?" అని అడిగి ముందు గొంతులు సర్దాడు. అనంతపురం షాక్ సంగతి చెప్పగానే "ఎర్తు లేకుండా మైకు ముందర మనిషిని నిలబెడతారా నాయనా" అని కోప్పడ్డాడు. జనరేటర్ పక్కన ఇనుప కడ్డీ దిగ్గొట్టించి, కడ్డీ మొదలు దగ్గర గుప్పెడు ఉప్పు వేసి, రెండు మగ్గుల నీళ్లు పోసి, మా ఆంపులూ ఆయన మిక్సరూ ఒకే బోర్డుకి తగిలించాడు. తర్వాత టెస్టరు పట్టుకుని గిటారు తీగలు, మైకు జాలీ ఒక్కొక్కటీ చూశాడు. బల్ల ఊగకుండా కింద ఇసుక మూట పెట్టించాడు. ఆ రాత్రి మా సింగరు గొంతు మాకే కొత్తగా వినపడింది, గొంతు చించుకోకుండా పాడటం అంటే ఏంటో ఆమె ఆ రోజు చూపించింది. ఆయన తీసుకుంది అనంతపురం సెట్టు ఖర్చులో సగం కన్నా తక్కువ.

సామాను సర్దుతుంటే ఆయనే సురభి వాళ్ల కబుర్లు చెప్పాడు. 1885లో ఈ జిల్లాలోనే సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం, కుటుంబాలకు కుటుంబాలే తెరలూ సామాను వేసుకుని ఊరూరా తిరగడం, అక్కడే వండుకోవడం, పిల్లలు స్టేజీ మీదే పెరగడం. వింటుంటే మాకు వార్ప్‌డ్ టూర్ గుర్తొచ్చింది, అమెరికాలో పంక్ బ్యాండులన్నీ కలిసి తిరిగే ఫెస్టు, 1995 నుంచి 2018 దాకా ఏటా ఊరూరా తిరిగింది, మా పిచ్చికి సగం కారణం అదే. అందులో ఎవరు ఎప్పుడు వాయించాలో ఆ రోజు పొద్దున గానీ తెలిసేది కాదు, ఒక చిన్న బ్యాండుకి టూర్లో చోటిచ్చి, బదులుగా రాత్రిళ్లు అందరికీ మాంసం కాల్చిపెట్టే పని అప్పగించేవాళ్లు. ఇది చెబితే పెద్దాయన నవ్వి, "వంట రాకపోతే నాటకాల కంపెనీలో నిలబడేది కాదులే నాయనా" అన్నాడు. మాలో వంట వచ్చింది డ్రైవర్ అన్నకి ఒక్కడికే.

తిండి విషయంలో కడపకి తిరుగులేదు. ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన దోసె పొద్దున, రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు. ఒక్క జాగ్రత్త, పాడేవాళ్లు కారం దోసె షో అయ్యాక తినండి. లాడ్జి ఏడు రోడ్ల దగ్గర, శుభ్రంగానే ఉంది, తెల్లవారుజాము నుంచే హారన్లు. పెద్ద దర్గాకి వెళ్లొచ్చాం, ఏ.ఆర్. రెహమాన్ వచ్చి వెళ్లే దర్గా అది, మా గిటారిస్టు మొక్కు ఏం మొక్కాడో ఎంత అడిగినా చెప్పలేదు.

గిట్టుబాటు సంగతి. కాలేజీ వాళ్లు ఇచ్చిందే అసలు డబ్బు, కర్నూలు కేఫ్ టికెట్లు డీజిల్‌కీ టోల్‌కీ సరిపోయాయి, కడపలో మేమే ఎదురు పెట్టుకున్నాం. టీషర్టులు అనంతపురంలో అయిపోయాయి, కడపలో అడిగితే లేవు. జీతాల్లోంచి కాస్త పోయింది, ఉద్యోగం మానేసి ఇదే బతుకు చేసుకోండని ఎవరికీ చెప్పను, మేమూ మానం. కానీ ఏడాదికి రెండుసార్లు ఈ చుట్టు వేయొచ్చు. ఎండాకాలం వద్దు, మధ్యాహ్నం తుఫాన్‌లో కూర్చుంటే మనుషులే శృతి తప్పుతారు. వినాయక చవితి రోజుల్లో, ముహూర్తాల్లో సౌండ్ సెట్లు దొరకవు, దొరికినా రేటు డబుల్. చలికాలం మొదట్లో కాలేజీలు ఫెస్టుల గురించి ఆలోచిస్తుంటాయి, అప్పుడు అడగండి.

వచ్చేసారి నంద్యాల, ప్రొద్దుటూరు కూడా కలుపుదామని ఉంది. అక్కడ ఊగని స్టేజీ, ఎర్తు ఉన్న కరెంటు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డ్రమ్ములు మేమే తెచ్చుకుంటాం.