సమన్లు అందాక 21 రోజులా, సంతకం పెట్టి 60 రోజులా?

అమెరికా ఫెడరల్ కోర్టులో సివిల్ దావా పడితే జవాబు గడువు రెండు రకాలుగా వస్తుంది. సమన్లు, దావా ప్రతి చేతికి అందితే 21 రోజులు. ‘సమన్లు అందించనక్కర్లేదు’ అని ఒప్పుకుంటూ వెయివర్ ఫారం మీద సంతకం పెట్టి వెనక్కి పంపితే 60.

2025 జూన్ 13న సమన్లు అందాయనుకోండి. ఆ రోజు లెక్కలోకి రాదు. మర్నాటి నుంచి శనాదివారాలతో సహా అన్నీ లెక్కే. 21వ రోజు జూలై 4, శుక్రవారం, స్వాతంత్ర్య దినం సెలవు. వెంటనే శని, ఆదివారాలు. గడువు 7వ తేదీ సోమవారానికి జరుగుతుంది. అదే జూన్ 13న దావా వేసినవాళ్లు మీకు వెయివర్ ఫారం పంపి ఉంటే ఆగస్టు 12 దాకా టైముంది.

మెలిక ఒకటే: 60 రోజులు వాళ్లు ఫారం పంపిన రోజు నుంచి మొదలవుతాయి, మీకు చేరిన రోజు నుంచి కాదు.

నేనైతే సంతకానికే మొగ్గుతాను. కోర్టు పరిధి మీద అభ్యంతరం చెప్పే హక్కు ఎక్కడికీ పోదు. పైగా ఇరుపక్షాలూ అమెరికాలోనే ఉంటే, సరైన కారణం లేకుండా సంతకం పెట్టనందుకు సమన్ల ఖర్చు ప్రతివాది నెత్తినే పడుతుంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న ప్రతివాదికి ఫారం పంపితే 60 కాదు, 90 రోజులు.