బాలానగర్‌లో డిప్ స్ట్రిప్పింగ్: ముందు అయస్కాంతం, తర్వాతే ట్యాంకు

పాత స్కూటర్లు, ఇనుప బీరువాలు బాగుచేసి అమ్మే పని నాది. కొత్త రంగు ఎవరైనా వేస్తారు, పాతది లోహానికి దెబ్బ తగలకుండా వదిలించే చోటు దొరకడమే కష్టం. సామాన్ని రసాయనం ట్యాంకులో ముంచి పాత రంగు వదిలించడాన్ని డిప్ స్ట్రిప్పింగ్ అంటారు. హైదరాబాద్ బాలానగర్ లోపలి గల్లీలో, లేత్ షాపుల మధ్య ఆ పని చేసే ఈ చిన్న యూనిట్‌కి కొన్నాళ్లుగా నా సామానంతా ఇస్తున్నాను. చవక కాదు. అయినా ఇక్కడికే ఇస్తాను.

కారణం ఓనరు చేతిలోని అయస్కాంతం. సంచిలో ఏం తెచ్చినా ముందు ఒక్కో ముక్కకీ ఆనించి చూస్తాడు. అంటుకుంటే ఇనుము, అది కాస్టిక్ సోడా ట్యాంకులోకి. అంటుకోకపోతే చేత్తో తూకం చూస్తాడు. ఓసారి బీరువా పిడి తీసి పక్కన పెట్టి, "అన్నా, ఇది జింకు. కాస్టిక్‌ల వేస్తే తినేస్తది, నీకేం మిగలదు" అన్నాడు. అంతకుముందు ఇంకో చోట నా అల్యూమినియం కవరు సరిగ్గా అలాగే గుంతలు పడి తిరిగొచ్చింది. వేడి కాస్టిక్ సోడా ఇనుము జోలికి పోదు గానీ అల్యూమినియాన్ని, జింకును కరిగిస్తుంది.

ఇనుము పని మాత్రం అద్భుతం. చేతక్ సైడ్ ప్యానెల్ మీద నాలుగైదు పొరల పాత ఎనామెల్, కింద మందంగా పుట్టీ. సాండ్ బ్లాస్టింగ్‌కి ఇస్తే పలుచని రేకు వంకర్లు పోతుంది, మడతల లోపలికి ఇసుక వెళ్లదు. ద్రావణం ఆ మడతల్లోకీ పోతుంది. కాస్టిక్ తగిలితే పాత ఎనామెల్‌లోని నూనె సబ్బుగా మారి రంగు జారిపోతుంది. ఆ మడతల్లో కాస్టిక్ మిగిలితే తర్వాత కొత్త ప్రైమరునే పొక్కులు లేపుతుంది. అందుకే వీళ్లు కడిగి, పలుచని ఫాస్ఫారిక్ యాసిడ్‌లో ముంచి, గాలి కొట్టి ఇస్తారు. కాస్టిక్ మిగిలితే రంగు మారే పీహెచ్ కాగితంతో నేను మడతలు చూశాను, శుభ్రంగా ఉన్నాయి.

అల్యూమినియానికి వేరే ట్యాంకు, మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకానిది. పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి వేడితో అతికించే రంగు) అందులో కరగదు, ఉబ్బి ముడతలు పడి తోలులా ఊడొస్తుంది. ఆ ద్రావకం నీటికంటే బరువు కాబట్టి పైన నీళ్లు పోసి మూతలా ఉంచుతారు. దాని ఆవిరి గాలికంటే బరువై నేల మీదికి దిగుతుంది. అందుకే ఆవిరిని లాగే ఫ్యాను కప్పుకి కాక ట్యాంకు అంచు దగ్గర పెట్టారు. ఈ ఒక్క పనికి నేను ఆయన్ని గౌరవిస్తాను. పీల్చిన ఆవిరి ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మామూలు నైట్రైల్ గ్లౌజులు కూడా దాన్ని ఎంతోసేపు ఆపలేవు. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దీని వాడకాన్ని చాలా పనుల్లో నిషేధించింది. ఇక్కడా మెల్లగా బెంజైల్ ఆల్కహాల్ రకం ద్రావకానికి మారాలని నా కోరిక. దాన్ని వేడి చేయాలి, టైమూ ఎక్కువ పడుతుంది, నేను ఆగుతాను.

లోటు ఒకటుంది. శుభ్రమైన ఇనుముకి నూనె రాసి ఇవ్వరు. వానాకాలంలో ఇంటికొచ్చేలోపే ఎర్ర తుప్పు పట్టేస్తుంది. ప్రైమరు సిద్ధంగా పెట్టుకుని వెళ్లండి. బేరింగులు, రబ్బరు బుష్‌లు, ప్లాస్టిక్ మీరే విప్పి ఇవ్వాలి.

మిథిలీన్ క్లోరైడ్ 39.6 డిగ్రీలకే మరుగుతుంది, మన మే నెల మధ్యాహ్నం అంతకు మించుతుంది. ఎండాకాలంలో ఆ ట్యాంకు పని తగ్గిస్తారు. అల్యూమినియం ఉంటే వానలు పడ్డాక తీసుకెళ్లండి, ఇనుము ఎప్పుడైనా పర్లేదు.