కళాయి వేసిన ఇత్తడి గిన్నె కొంటున్నారా? లోపల గోరుతో గీకి చూశాకే డబ్బులివ్వండి

ఇత్తడి గిన్నెలు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కళాయి అంటే గిన్నె లోపల వేసే తగరం పూత. పోయిన నెల విజయవాడలో ఒక షాపులో "కళాయి వేసి రెడీగా ఉన్నాయి మేడమ్, ఇంటికెళ్ళి వండుకోవడమే" అంటే రెండు గిన్నెలు 4,600 రూపాయలకు కొన్నాను. లోపల వెండిలా మెరుస్తుంటే నమ్మేశాను. నాలుగోసారి చారు కాచిన రోజు మా అమ్మాయి ఒక ముద్ద తిని "అమ్మా, చారు చిలుము వాసనొస్తోంది" అని కంచం పక్కకు నెట్టేసింది. పారబోసి, గిన్నె కడిగి చూస్తే అడుగు మలుపు దగ్గర పూత ఉల్లిపొరలా లేచి ఉంది. గోరు పెట్టి లాగితే రూపాయి బిళ్ళంత ముక్క ఊడి చేతికొచ్చింది. దాని కింద తళతళలాడే పసుపుపచ్చటి ఇత్తడి!

ఎన్నో ఏళ్ళుగా కళాయి వేస్తున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన ఆ పచ్చదనం చూడగానే "ఇది అసలు పట్టనే లేదమ్మా" అన్నారు. తగరం నిజంగా పట్టుకుంటే ఇత్తడిలోని రాగితో కలిసి మధ్యలో సన్నని బూడిదరంగు పొర ఏర్పడుతుంది. పూత అరిగినా ముందు ఆ బూడిదరంగే కనిపిస్తుంది. కొత్త గిన్నెలకు పాలిష్ పట్టేటప్పుడు మైనంలాంటి జిడ్డు అంటుకుంటుంది. దాన్ని వదిలించకుండా పైన తగరం పూస్తే, జిడ్డు కంచం మీద నీళ్ళలాగే అది ఇత్తడిని అంటదు.

అదే గిన్నెకు ఆయన నా కళ్ళముందే మళ్ళీ కళాయి వేశారు. పని సగం కంటే ఎక్కువ శుభ్రం చేయడమే! ముందు యాసిడ్‌తో కడిగి, ఇసుక వేసి, మూలమూలా రుద్దారు. తర్వాత కొలిమి మీద పెట్టి పటకారుతో గిన్నెను తిప్పుతూనే ఉన్నారు, అడుగుతో పాటు అంచులూ వేడెక్కాలని. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. కడ్డీ తాకించగానే కరిగిపోవాలి. వేడి చాలకపోతే పూత ముద్దలు కడుతుంది, మరీ ఎక్కువైతే పసుపు తిరిగి పాడవుతుంది. వేడికి ఇత్తడి మీద మళ్ళీ మసక పొర కడుతుంది కదా, దాన్ని తీసేయడానికి నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లారు. తెల్లటి పొగ గుప్పుమంది. ఆ పొగలోనే దూదితో ఒక్క తుడుపు తుడిస్తే తగరం అద్దంలా పరుచుకుంది. నా గిన్నెకు షాపువాళ్ళు అడుగు మాత్రమే కాల్చి ఉంటారని, మలుపు దగ్గర వేడి చాల్లేదని ఆయన చెప్పారు.

ఇంకో భయం సీసం. సీసం కలిపిన తగరం 183 డిగ్రీలకే కరగగలదు, పని సులువు, ఖర్చు తక్కువ. పూత చూసి తేడా కనిపెట్టలేం. అందుకే కడ్డీ చూపించమనండి. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే కరకరమంటుంది. సీసం బాగా కలిసిన కడ్డీతో తెల్లకాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా నల్లగా పడుతుంది. చూపించడానికి ఒప్పుకోని చోట కొనకండి, పిల్లలు తినే గిన్నె అది.

కొనేటప్పుడు లోపల చెయ్యి పెట్టి మలుపులు తడమండి. బుడిపెలు, ఇత్తడి బయటపడిన పసుపుపచ్చటి మచ్చలు ఉంటే వద్దు. గోరుకు పొర లేస్తే అసలే వద్దు. వీలైతే కళాయి లేని గిన్నె కొని, మీ ఎదురుగా వేయించుకోండి. కళాయి ఎంత బాగున్నా ఖాళీ గిన్నెను మాత్రం స్టవ్ మీద వదలకండి, చూస్తుండగానే 232 దాటి పూత కరిగిపోతుంది. తాళింపు వేరే మూకుడులో పెట్టుకోండి.

షాపుకు వెళ్ళి అడిగితే "మీరు పీచుతో గట్టిగా తోమి ఉంటారు" అన్నారు. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినది తినడానికి పనికిరాదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే రాశారు. అది చెప్పినా డబ్బులు వాపసు ఇవ్వలేదు. ఊడిన ముక్క, బిల్లు, ఫోటోలు దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. రెండో గిన్నెను ఇంకా స్టవ్ ఎక్కించలేదు.