బీరు అలవాటైన నాలుకకు ఏ సైడర్ మేలు?

బీరు గురించి బాగా తెలిసినవాళ్లు సైడర్ (ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం) గ్లాసు అందుకోగానే ముందు నురుగు కోసం చూస్తారు. అది కనిపించదు. బీరు నురుగును నిలబెట్టేవి మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) ప్రోటీన్లు, చేదు కోసం వేసే హాప్స్ పూలు. ఆపిల్ రసంలో ఆ రెండూ ఉండవు. గ్యాస్ లేదనో, మడ్డిగా ఉందనో అక్కడే మార్కులు కోసేస్తే అన్యాయం, ఎందుకంటే సంప్రదాయ సైడర్‌కు అవి లోపాలే కావు. రియల్ ఏల్ అనే సంప్రదాయ బీరు కోసం 1971లో పుట్టిన బ్రిటన్ బీరు ప్రియుల సంఘం కామ్రా కూడా తన బీరు పండుగల్లో సైడర్‌కు చోటిస్తుంది. కాబట్టి ఈ రెండు లోకాలూ మరీ దూరమేమీ కాదు. మరి బీరు వదలకుండా సైడర్ రుచికి తీర్పు చెప్పడం నేర్చుకోవాలంటే ఇంగ్లండ్‌ది మేలా, ఫ్రాన్స్‌లోని నార్మండీదా, స్పెయిన్‌లోని అస్తూరియాస్‌దా?

నా ఓటు ఇంగ్లండ్ పడమటి ప్రాంతానికే. సోమర్సెట్, హెరెఫర్డ్‌షైర్‌లలో సైడర్ కోసమే పెంచే డాబినెట్, కింగ్‌స్టన్ బ్లాక్ లాంటి ఆపిల్స్ కొరుక్కుని తినడానికి పనికిరావు. చేదు, వగరు ఇచ్చే టానిన్ రసంలో 0.2 శాతం దాటితే చేదు రకం, ఆమ్లం 0.45 శాతం దాటితే పులుపు రకం అని ఇంగ్లండ్‌లోని లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రం విభజించింది. ఆ లెక్కన డాబినెట్ చేదుతీపి, కింగ్‌స్టన్ బ్లాక్ చేదుపులుపు. హాప్స్ చేదు తెలిసినవాళ్లకు ఇక్కడ కొత్తగా తగిలేది వగరు. పాలు కలపని చిక్కటి టీలాగా అది చిగుళ్లను, బుగ్గల లోపలి వైపును పట్టేసి నోరు ఆరిపోయేలా చేస్తుంది. మాల్ట్ లేకపోయినా సైడర్ పల్చగా అనిపించకపోవడానికి కారణం కూడా ఆ టానినే. ఒక్కోసారి లవంగం, పొగ, తోలు, పశువుల కొట్టం వాసనలూ వస్తాయి. బెల్జియం బీర్లు తాగేవాళ్లు వీటిని ఇట్టే గుర్తుపడతారు. లాగర్ అనే తేలికపాటి మామూలు బీరు తప్ప ఇంకోటి ముట్టనివాళ్లు మాత్రం పాడైందంటారు. కొద్దిగా ఉంటే అది ఆ శైలిలో భాగమే, మిగతా రుచినంతా మింగేస్తేనే తప్పు.

నార్మండీ సైడర్ ఎవరికైనా మొదటి గుక్కలోనే నచ్చుతుంది. అక్కడ రసంలోని పెక్టిన్ (పండ్లలో సహజంగా ఉండే జిగురు పదార్థం) జెల్లీలా గట్టిపడి గోధుమరంగు తెట్టుగా పైకి తేలుతుంది. దాని కింద ఉన్న తేట రసాన్ని వేరే పాత్రలోకి తీస్తారు. పోషకాలు తగ్గడంతో ఈస్ట్ నెమ్మదించి, చక్కెర పూర్తిగా అయిపోకముందే ఆగిపోతుంది. అందుకే అందులో తీపి సహజంగా మిగులుతుంది, ఆల్కహాల్ తక్కువగా ఉంటుంది. 1996లో ఏఓసీ హోదా (ప్రాంతం పేరుకు ఫ్రాన్స్ ఇచ్చే చట్టపరమైన రక్షణ) పొందిన, నార్మండీలోని పేయి దోజ్ ప్రాంతపు సైడర్ ఈ కోవలోదే. తాగడానికి హాయిగా ఉంటుంది కానీ, తీర్పు చెప్పడం నేర్చుకోవడానికి మాత్రం వద్దంటాను. తీపి చాలా లోపాలను కప్పేస్తుంది.

అస్తూరియాస్ సైడర్ సంగతి వేరు. సీసాను తలపైకెత్తి, నడుము కింద వాల్చి పట్టుకున్న గ్లాసు అంచుకు ధార తగిలేలా పోస్తారు. పోసేది రెండు మూడు గుక్కలే, అదీ వెంటనే తాగేయాలి. ఈ సైడర్ సంస్కృతికి 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పదునైన పులుపు, లీలగా వెనిగర్ ఘాటు ఉంటాయి కాబట్టి లాంబిక్ అనే బెల్జియం పుల్లటి బీరు అభిమానులు దీన్నే ఎంచుకుంటారు. పోటీ బల్ల మీద మాత్రం దీనికి కష్టకాలమే. ముందే పోసి వరసలో పెట్టిన గ్లాసులో ప్రాణం ఉండదు.

ఏది తాగినా ముక్కును మరీ నమ్మకండి. బీరును వాసనతోనే సగం పట్టేయొచ్చు. సైడర్‌లో వచ్చే ఎలుక కంపు మాత్రం గ్లాసులో తెలియదు. సైడర్ ఆమ్లత్వం దాన్ని ఆవిరి కానివ్వదు. నోట్లో లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించాక, మింగిన కొన్ని సెకన్లకు గొంతు వెనక నుంచి పైకొస్తుంది. అనుమానం వస్తే ఒక చుక్క ముంజేతికి రుద్ది వాసన చూడండి. కొందరికి అది అసలు తెలియనే తెలియదు, అందుకే ఒక్కరే కూర్చుని మార్కులు వేయకూడదు.

మూడూ ఒకే రోజు రుచి చూడాలంటే ఇంగ్లండ్ డ్రై (తీపి లేని) సైడర్‌తో మొదలుపెట్టి, నార్మండీది చివరికి ఉంచండి. తీపి తర్వాత డ్రై సైడర్ తాగితే లేని పులుపు కూడా ఉన్నట్టే ఉంటుంది. అస్తూరియాస్ సీసాను అందరూ చేరాకే తెరిచి, ఒక్కొక్కరికి అప్పటికప్పుడు పోయండి.