ఫ్యూయల్ ప్రెషర్ గేజీ: నాలుగేళ్ల వాడకం తరువాత

నా 2007 నాటి పెట్రోలు కారు కోసం నాలుగేళ్ల క్రితం రూ. 1,500 పెట్టి కొన్న ఈ గేజీలో నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే. ట్యాంకులోని పంపును విప్పకుండానే, అది ఇంజెక్టర్లకు (ఇంజనులోకి ఇంధనం చిమ్మే నాజిళ్లకు) పెట్రోలును ఎంత ఒత్తిడితో పంపుతున్నదో దీని ముల్లు కళ్లెదుట చూపిస్తుంది. అంతకు ముందు ఊహ మీద ఆధారపడి రెండు ఫిల్టర్లు, ఒక రిలే (విద్యుత్ స్విచ్చి) మార్పించిన నాకు అది ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు నుండి విజయవాడ వెళుతుండగా, సూర్యాపేట దాటాక కారు రెండుసార్లు ఆగిపోయింది. పావుగంట చల్లారనిచ్చి సెల్ఫ్ కొడితే మళ్లీ మామూలుగానే స్టార్టయ్యేది. తాళం తిప్పగానే వెనుక సీటు కింద పంపు రెండు సెకన్ల పాటు చేసే సన్నని శబ్దం కూడా వినిపిస్తూనే ఉంది. తిరిగి వచ్చాక గేజీ తెప్పించాను. పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, లైనులో ఒత్తిడి పోయాక బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఫిల్టరు తరువాతి గొట్టంలో T ఆకారపు జాయింటుతో గేజీని బిగించాను. అన్నీ తిరిగి కలిపి స్టార్టు చేస్తే ముల్లు ఉండవలసిన 3 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలమానం) దగ్గరే నిలిచింది. ఇరవై నిమిషాల తరువాత మెల్లగా వణుకుతూ 1.8కి జారింది, ఇంజను తడబడి ఆగింది. దోషం దొరికిందన్న ఆనందంలో కొత్త పంపు వేయించాను.

నాలుగో రోజున కారు మళ్లీ ఆగింది.

ఈసారి వోల్టేజీ కొలిచే మల్టీమీటరు తీశాను. ఇంజను వేడెక్కి ముల్లు జారే వేళకు బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంటే, పంపు కనెక్టరు దగ్గర 9.6 మాత్రమే ఉన్నాయి. వెనుక సీటు ఎత్తి, కార్పెట్ తొలగించి చూస్తే, పంపు ఎర్త్ వైరును బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు పొరలు కట్టి ఉంది, వైరు చివర చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. అంటే పంపు కాదు, దానికి కరెంటు సరిగా అందకపోవడమే అసలు దోషం. ఆ చోటును లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరు చివరకు కొత్త లగ్గు (బోల్టుకు తగిలించే లోహపు కొన) వేసి బిగించి, పైన వేసలైను పూశాను. ఆ తరువాత గంటసేపు నడిపినా ముల్లు 3 బార్ల నుండి కదలలేదు. తీసేసిన పాత పంపు బాగానే ఉన్నందున దానిని డిక్కీలో భద్రపరిచాను.

అందువల్ల ఈ గేజీ ఉంటే దోషం దొరికినట్టేనని మొదట్లో స్నేహితులకు చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకుంటున్నాను. ఒత్తిడి తగ్గిందని ఇది నిక్కచ్చిగా చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పలేదు. మల్టీమీటరు తోడు లేకుండా దీనిని నమ్మి పంపు కొనవద్దు. దీనితో వచ్చిన రబ్బరు గొట్టం కూడా మూడో ఏడాదికి పగుళ్లిచ్చింది కనుక, బిగించే ముందు ప్రతిసారీ దానిని వంచి చూస్తున్నాను.

పెట్రోలుతో చేసే పని కనుక నిప్పు భయం ఉంటుంది. మా ఇంటి ముందు ఆరుబయట స్థలం ఉంది, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుంటాను. అపార్ట్‌మెంటు సెల్లారులో నిలిపే వారికి ఈ పని నేను సిఫారసు చేయను. ఇంజెక్టర్లకు బదులు కార్బురేటరు ఉండే పాతకాలపు కారు ఉన్నవారికి కూడా ఇది పనికిరాదు, ఎందుకంటే ఆ పంపులిచ్చే కొద్దిపాటి ఒత్తిడికి 10 బార్ల కొలత ఉన్న ఈ గేజీలో ముల్లు కదిలినట్టే కనిపించదు.