నాలుగేళ్ల బ్యాక్‌ప్యాక్, ఒక్క జిప్

ఈ బ్యాక్‌ప్యాక్ కొని నాలుగేళ్లు దాటింది. ఎన్ని లీటర్లు, ఎన్ని అరలు, ల్యాప్‌టాప్ పడుతుందా లేదా అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు. నేను చెప్పాలనుకున్నది జిప్ గురించి. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

విచిత్రం ఏమిటంటే మొదట్లో నేను మెచ్చుకున్నదీ ఆ జిప్‌నే. మామూలు బ్యాక్‌ప్యాక్‌కి నోరు పైన ఉంటుంది, అడుగున ఉన్న తువ్వాలు కావాలంటే మొత్తం కుమ్మరించాలి. దీనికి మూడు వైపులా జిప్ తిరిగి సూట్‌కేసులా బార్లా తెరుచుకుంటుంది. మాది విజయనగరం. చలికాలం రాగానే రెండు సెలవులు కలిసొస్తే చాలు, చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువ అంటూ తీరం పట్టుకుని తిరుగుతుంటాను. శ్రీకాకుళం జిల్లా ఒక్కదానికే 193 కిలోమీటర్ల తీరం. నేను సగం కూడా చూసి ఉండను. ఈ ఊళ్లలో లాడ్జి దొరికితే దొరికినట్టు, లేకపోతే ఎవరింటి అరుగో. ఆ అరుగు మీద బ్యాగు పరిచి, చీకట్లో చేత్తో తడిమి కావలసింది తీసుకోవడం ఎంత సుఖమో అలవాటైనవాళ్లకే తెలుసు. మొదటి ఏడాది అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ ఇదే కొనమన్నాను. ఇద్దరు కొన్నారు కూడా.

నిరుడు ఫిబ్రవరిలో శాలిహుండం కొండ మీద స్తూపాలు చూసి దిగుతుంటే మెట్ల మీద ఒక కుర్రాడు కలిశాడు. పుణె నుంచి ఒంటరిగా వచ్చాడు. వాడికి తెలుగు రాదు, నా హిందీ గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అయినా కింద వంశధార చూపించి, అది సముద్రంలో కలిసేచోటికే వెళ్తున్నానని చెబితే వెంట వచ్చాడు. ఆ రాత్రి కళింగపట్నంలో ఉన్నాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులవి, బారువలో కనిపిస్తాయేమోనని వాడి ఆశ. మర్నాడు అక్కడికి చేరాం. తాబేలు కనబడలేదు. సాయంత్రం వాడికి పలాసలో రైలు.

ఎలాగూ వచ్చాం కదా అని వాడు నిక్కరుతో నీళ్లలో దిగాడు. చొక్కా, ప్యాంటు, ఫోను, పర్సు నా బ్యాగులో పడేశాడు. నేను జిప్ లాగి మూశాను. అంతే, మళ్లీ తెరుచుకోలేదు.

ఇందులో నా తప్పూ ఉంది. దీనికి రెండు రన్నర్లు. ఒకటి అప్పటికే ఏడాదిగా మూలన బిగుసుకుపోయి కదలడం మానేసింది. రెండోది నడుస్తోంది కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు రెండోదీ మొరాయించింది. పళ్లతో లాగాను. బ్యాగుని మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి రెండు చేతులతో గుంజాను. చిన్న చప్పుడయింది, చూస్తే రన్నర్‌కి ఉండే తోక నా చేతిలోకి వచ్చేసింది. కుర్రాడు తడి నిక్కరుతో, గాలికి వణుకుతూ, నా వంక చూస్తున్నాడు. బ్లేడుతో కోసేయమని సైగ చేశాడు. నాకు ప్రాణం ఒప్పలేదు.

పక్కనే పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన అప్పటిదాకా ఏమీ అనలేదు. ఇక చూడలేకపోయాడేమో లేచి వచ్చాడు.

"అలా లాగేస్తే పళ్లూడిపోతాయి బాబూ. ఉప్పు పట్టీసింది. మా ఇంజనుకి పట్టదేటి?" అని ఇంటివైపు తిరిగి, "ఒలే, సెంబుడు మంచినీళ్లు అట్టుకురా" అని కేక వేశాడు.

ఆవిడ చెంబుతో వచ్చి ముందు కుర్రాణ్ని చూసింది. "అయ్యో, గుంటడు సలికి వణికిపోతన్నాడు" అని భుజాన ఉన్న తువ్వాలు వాడి మీద వేసింది. ముసలాయన రన్నర్ మీద నీళ్లు బొట్లు బొట్లుగా పోస్తూ వేలితో రుద్దాడు. లోపలి నుంచి తెల్లగా, పేస్టులా ఏదో కారింది. మూడుసార్లు పోశాడు. కొబ్బరినూనె రెండు చుక్కలు వేశాడు. తోక లేదు కదా, పట్టుకోవడానికేమీ లేదు. ఆవిడ తన గాజులకున్న పిన్నీసు తీసి, తోక ఊడిన కన్నంలో గుచ్చి, మెల్లగా అటూ ఇటూ ఆడించింది. గరగరమంటూ జరిగింది. ముందు వాడి చొక్కా, తర్వాత పర్సు బయటపడ్డాయి. రైలు అందింది, పలాస స్టేషన్లో పరుగెత్తాడనుకోండి. జీడిపప్పు కొంటానన్నవాడు కొనకుండానే ఎక్కేశాడు.

ఇంటికొచ్చి కంపెనీకి రాస్తే, వాడకం వల్ల వచ్చే అరుగుదలకు వారంటీ లేదన్నారు. వాడకుండా అరిగేది ఏదైనా ఉంటుందా? గంటస్తంభం దగ్గర బ్యాగులు కుట్టే ఆయన రన్నర్ తీసి చూపించాడు. జిప్ పళ్లు నైలాన్‌వి, వాటికేమీ కాలేదు. రన్నర్ మాత్రం లోహం, లోపలంతా తినేసింది. రెండూ మార్చాడు. ఆ పిన్నీసు మాత్రం ఉంచమన్నాను. అది వర్షాకాలంలో తుప్పుపట్టింది, ఇప్పుడున్నది ఇంకోటి.

కాబట్టి అప్పుడు నేను పొగిడినదాన్ని కొంచెం సవరించుకోవాలి. బార్లా తెరుచుకోవడం ఇప్పటికీ హాయే. కానీ పైన తాడు లాగి ముడివేసే పాతరకం బ్యాగుకి చెడిపోవడానికేమీ ఉండదు, దీనికి ఉన్న ఒక్క నోరూ జిప్ చేతిలో ఉంది. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకడు బెంగళూరులో ఉంటాడు, వాడి జిప్ ఇప్పటికీ వెన్నలా జారుతుంది. మీరు అరకు వైపు తిరిగేవాళ్లయితే నా గోల పట్టించుకోనక్కర్లేదు. నాలా ఇసుకలో పడేసి, వచ్చాక కడగడానికి బద్ధకించేవాళ్లయితే ఆలోచించండి. నేను ఇప్పుడు ప్రతి ట్రిప్ తర్వాత పంపు కింద జిప్ కడిగి, ఆరాక కొవ్వొత్తి రుద్దుతున్నాను. ఏడాదిగా ఇబ్బంది లేదు. భుజాలకు మాత్రం ఇంత సుఖంగా ఉన్న బ్యాగు నాకు ఇంకోటి దొరకలేదు, అందుకే మార్చలేదు.

వచ్చే నెల మళ్లీ కళింగపట్నం వెళ్తున్నాను. పిన్నీసులు నాలుగు పక్క జేబులో వేసుకున్నాను. ఆ జేబుకి జిప్ లేదు, వెల్క్రో.